ఉత్తరాన ఏమీ లేని ఫొటో

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌గా ఇప్పటికి కొన్ని వందల అరుంధతీ దర్శనాలు తీశాను. ఒక్కదాంట్లోనూ అరుంధతి లేదు. పంతులుగారు వధూవరుల్ని మండపం దించి, ఏసీ హాలు గుమ్మం దాకా నడిపించి, "అదిగో, సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన చిన్నగా, కనపడిందా అమ్మా?" అని చెయ్యి చూపిస్తారు. ముహూర్తం పగలు పదకొండింటికైనా అదే చెయ్యి, అదే మాట. పెళ్ళికొడుకు కళ్ళు చిట్లిస్తాడు, పెళ్ళికూతురు నవ్వు ఆపుకుంటూ కనపడిందంటుంది, నేను ఫ్లాష్ కొడతాను. వాళ్ళు నిజంగా చూసేది ఫాల్స్ సీలింగునో, రోడ్డవతల నగల కొట్టు హోర్డింగునో. తర్వాత మా డిజైనర్ కుర్రాడు ఆ పేజీకి ముదురు నీలం ఆకాశం అతికించి నాలుగు చుక్కలు పెడతాడు. అది నిజమేనా అని ఇన్నేళ్ళలో ఒక్క పెళ్ళివారూ అడగలేదు.

ఆ ప్రశ్న మొదటిసారి నా ముందుకొచ్చింది 2024 మే 11, శనివారం పొద్దున. ఎల్లుండి పోలింగ్. ప్రచారానికి అదే ఆఖరి రోజు కావడంతో విజయవాడ గవర్నర్‌పేటలో ఎనిమిదిన్నరకే మైకులు మోగుతున్నాయి. స్టూడియో షట్టర్ తీసి టీ చెప్పానో లేదో, ఫ్యామిలీ గ్రూపులో డాలస్ నుంచి మా మేనల్లుడి ఫొటో వచ్చి పడింది. వాళ్ళ వీధిలో ఇళ్ళ కప్పుల వెనక ఆకాశమంతా గులాబీ, ఎరుపు. చీర ఆరేసినట్టు నిలువు గీతలు కూడా ఉన్నాయి. "అరోరా మావయ్యా! టెక్సాస్‌లో!" అని కింద రాశాడు. అరోరా అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగు, తెలుగులో ధ్రువకాంతి.

మా అమ్మ, పక్కింట్లో ఏమైనా తగలబడుతోందా అని వాయిస్ మెసేజ్ పెట్టింది. గుంటూరు నుంచి బావగారు ఒకే మాట రాశారు: "ఫొటోషాప్." ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, కొడుకు తీసిన ఫొటో అయినా రుజువు లేకుండా ఒప్పుకోరు. అక్క నన్ను ట్యాగ్ చేసి, "తమ్ముడూ, నువ్వే చెప్పు, ఇది నిజమేనా?" అంది.

వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, కంటికి ఎలా కనపడిందిరా?"

"కంటికా? బూడిదరంగు మబ్బులాగా, అక్కడక్కడా కాస్త ఎర్రజీర ఉన్నట్టు ఉంది మావయ్యా. ఫోన్ ఎత్తి మూడు సెకన్లు కదలకుండా పట్టుకుంటేనే ఈ రంగొచ్చింది."

ఇది బావగారికి చెప్పడం నా పొరపాటు. "చూశావా, ఫోన్ చేసిన మాయే" అన్నారు.

కాదు. ఈ ఒక్క విషయంలో నేను కెమెరా పక్షం. మన కంట్లో రంగులు చూసే కణాలకి వెలుతురు బాగా కావాలి, చీకట్లో అవి దాదాపు పని మానేస్తాయి. చీకట్లో పనిచేసే కణాలు వేరే ఉన్నాయి కానీ వాటికి రంగు తెలియదు, పైగా ముదురెరుపు వాటికి కనపడదనే చెప్పాలి. ధ్రువానికి దూరంగా, ఇంత దక్షిణానికి దిగి వచ్చే ధ్రువకాంతిలో ముఖ్యమైన రంగు ఆక్సిజన్ వెలువరించే 630 నానోమీటర్ల ఎరుపు. అంటే, మన కన్ను ఎక్కడ గుడ్డిదో సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చునే వెలుగు అది. కెమెరా సెన్సార్‌కి ఆ లోపం లేదు, పైగా దానికి ఓపిక ఎక్కువ. సన్నగా కారే మునిసిపల్ కుళాయి కింద దోసిలి పడితే చెయ్యి తడుస్తుందంతే. బిందె పెట్టి వెళ్ళి వస్తే నిండుతుంది. కన్ను దోసిలి, కెమెరా బిందె. బిందెలో నీళ్ళు చూసి కుళాయి అబద్ధం అంటే ఎలా?

ఆ ఎరుపు కథ కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంత దక్షిణాన తీసిన ధ్రువకాంతి ఫొటోల నిజం అబద్ధం పట్టుకోవడానికి అదే ఆధారం. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన తుఫాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు ఎలక్ట్రాన్లు పైవాతావరణంలోకి దిగి ఆక్సిజన్‌కి తగులుతాయి. దెబ్బతిన్న పరమాణువు ఆ శక్తిని వెలుగుగా వదిలేయాలి. పచ్చ వెలుగు ముప్పావు సెకనులో వదిలేస్తుంది. ఎరుపుకి మాత్రం నిమిషంన్నర పైనే పడుతుంది. ఈలోపు పక్కనున్న మరో అణువు వచ్చి గుద్దుకుంటే ఆ వెలుగు ఇక రాదు. అందుకే గాలి కాస్త చిక్కగా ఉండే 100, 150 కిలోమీటర్ల ఎత్తులో పచ్చ, గాలి లేదన్నంత పల్చగా ఉండే 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఎరుపు. దూరం నుంచి చూసేవాడికి భూమి వంపు అడ్డం వచ్చి కింది పచ్చ మునిగిపోతుంది, పై ఎరుపు మాత్రం కనపడుతుంది. ప్రహరీ గోడ అవతల ఊరేగింపు పోతుంటే ఇవతలివాళ్ళకి గొడుగు అంచు ఒక్కటే కనపడినట్టు. కాబట్టి ఎవరైనా హైదరాబాద్ ఆకాశంలోనో వైజాగ్ ఆకాశంలోనో పచ్చ తెరలు ఊగుతున్న ఫొటో పంపితే, చూసి ఆనందించి తీసేయండి.

అదే వారం పేపర్లలో లద్దాఖ్‌లోని హాన్లే గురించి వచ్చింది. అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థ వేధశాల ఉంది, దాదాపు 4500 మీటర్ల ఎత్తున. 10వ తేదీ రాత్రి తెల్లవారితే 11 అనగా అక్కడి ఆకాశ కెమెరాల్లో ఉత్తరాన దిక్చక్రం దగ్గర ఎర్రటి కాంతి పడింది. 2003 తర్వాత భూమిని తాకిన అంత పెద్ద అయస్కాంత తుఫాను అదే, కొలమానంలో ఆఖరి మెట్టు జీ5. ఆ వార్త చదివాక నా బుర్రలో పురుగు దూరింది. డాలస్‌కి వచ్చింది, లద్దాఖ్‌కి వచ్చింది, విజయవాడ ఏం పాపం చేసింది?

పోలింగ్ అయ్యాక బావగారు ఏదో పని మీద విజయవాడ వచ్చి స్టూడియోలో కూర్చున్నారు. ఈ మధ్యలో ఆయన తన ఫొటోషాప్ మాట వెనక్కి తీసుకున్నారు, కొడుకుతో రెండు గంటలు వాదించాక. అదే ప్రశ్న ఆయన్ని అడిగాను. ఒక పాత శుభలేఖ తిప్పి వెనక గీయడం మొదలుపెట్టారు.

"డాలస్ అక్షాంశం 32.8. హాన్లే కూడా 32.8. పటంలో రెండూ ఒకే గీత మీద ఉన్నాయి. మరి మావాడికి తల దాకా ఎందుకొచ్చింది, హాన్లేకి అంచున మాత్రమే ఎందుకు కనపడింది?"

"ఎందుకు?"

"ధ్రువకాంతికి మన పటం అక్షాంశంతో పనిలేదు. దానికి కావాల్సింది అయస్కాంత అక్షాంశం. భూమి అయస్కాంత అక్షం సరిగ్గా నిలువుగా లేదు, ఉత్తరపు కొన కెనడా దీవుల వైపు ఒరిగి ఉంది. అమెరికావాడికి అది ముందుకొచ్చింది, మనకి వెనక్కి పోయింది."

వేసిన లెక్క ప్రకారం డాలస్ అయస్కాంత అక్షాంశం సుమారు 41 డిగ్రీలు, హాన్లేది సుమారు 24, విజయవాడది 8. ఎనిమిదంటే అయస్కాంత భూమధ్యరేఖ పక్కింట్లో ఉన్నట్టే. ఆ రేఖ దగ్గరగా పోతుందనే 1963లో కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టారు. అంటే ధ్రువకాంతి చూడాలనుకునేవాడికి ఈ భూమ్మీద ఇంతకన్నా పనికిరాని చోటు వెతుక్కోవడం కష్టం.

ఆయన అక్కడితో ఆగలేదు. "ఎరుపు 400 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకో. భూమి వ్యాసార్ధం 6371. ఎంత దూరం నుంచి కనపడుతుంది?" పైథాగరస్‌తో దాదాపు 2290 కిలోమీటర్లు తేలింది. విజయవాడ నుంచి సూటిగా ఉత్తరానికి అంత దూరం పోతే హిమాలయాలు దాటి, చైనా ఏలుబడిలోని ఖోతాన్ ఊరి దాపులకు చేరతాం. ఎరుపు అక్కడ నడినెత్తిన ఉంటే మనకి నేల అంచుకి ఆనుకుని కనపడాలి, అదీ మధ్యలో కొండ, దుమ్ము, దీపం ఏమీ లేకపోతే. "నేల అంచున ఏదీ కనపడదు కాబట్టి 5 డిగ్రీల ఎత్తు కావాలనుకో. చెయ్యి చాచి మూడు వేళ్ళు అడ్డం పెడితే ఎంతో అంత. అప్పుడు ఎరుపు దాదాపు హాన్లే నెత్తి మీదకే రావాలి. మొన్న హాన్లేవాళ్ళకే అది అంచున కనపడింది. కాబట్టి ఏమయ్యా బావమరిదీ, నీకు రాదు."

శుభలేఖ నాకిచ్చి వెళ్ళిపోయారు. అది ఇంకా నా డ్రాయర్లో ఉంది.

రాదని తెలిసి కూడా అక్టోబరులో వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే సరైన జవాబు లేదు. సెప్టెంబరు ఒకటిన బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా ఇంట్లోకీ వచ్చింది. నాన్న తీసిన పాత నెగటివ్‌లు, నావి రెండు హార్డ్ డిస్కులు బురదలో పోయాయి. ఆ నెలంతా పెళ్ళిళ్ళవాళ్ళు ఫోన్లు చేసి, మా ఆల్బమ్ తడిసిపోయింది, మీ దగ్గర కాపీ ఉందా అని అడిగారు. చాలామందికి లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏదైనా నా కోసం తీసుకోవాలనిపించింది, అంతే.

అక్టోబరు 10. దసరా నవరాత్రులు. రాత్రి తొమ్మిది లోపే ఫోన్‌లో పెట్టుకున్న అంతరిక్ష వాతావరణం యాప్ మోగింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, మన ఆదిత్య-ఎల్1 ఉన్న చోటే, అమెరికావాళ్ళ ఉపగ్రహాలు కూడా సౌరపవనాన్ని కొలుస్తుంటాయి. తుఫాను అక్కడ తాకిందంటే మనకి చేరడానికి గంట కూడా పట్టదు. ఇంద్రకీలాద్రి మీద దీపాలు, ఘాట్లలో జనం. ఆ వెలుగులో అరోరా కాదు కదా, చుక్కే కనపడదు. అసిస్టెంట్ కుర్రాణ్ణి ఎక్కించుకుని ఉత్తరానికి బయల్దేరాను. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాల మీద ఎర్రదీపాలు వెలిగి ఆరుతున్నాయి. ఆ రాత్రి నేను చూసిన నిఖార్సయిన ఎరుపు అదొక్కటే. కొండపల్లి, జి.కొండూరు, మైలవరం దాటి ఇంకాస్త లోపలికి వెళ్ళి ఒక చెరువు కట్ట మీద ట్రైపాడ్ దింపాం.

అష్టమి చంద్రుడు అర్ధరాత్రి లోపే దిగిపోయాడు. ఉత్తరాన ధ్రువుడు. మాకిక్కడ ఆయన ఎత్తు 16న్నర డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిలిన్నర కన్నా కొంచెం ఎక్కువ. ఇన్ని వందల పెళ్ళిళ్ళలో ధ్రువనక్షత్రం చూపించడం ఫొటో తీసినవాణ్ణి, దాన్ని నిజంగా వెతికి పట్టుకోవడం నాకదే మొదలు. శర్మిష్ఠ గుంపు నుంచి కిందికి వెతుక్కుంటూ వస్తే దొరికింది. లైవ్ వ్యూలో పెద్దది చేసి దాని మీదే ఫోకస్ పెట్టి, రింగు కదలకుండా టేపు వేశాను. 24 ఎంఎం, ఎఫ్ 2.8, 15 సెకన్లు, ఐఎస్ఓ 3200. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే కెమెరా ప్రతి ఫ్రేముకీ తనకి తోచిన రంగు వేస్తుంది, అందుకని 3800 కెల్విన్ దగ్గర బిగించాను. హాలోజన్ లైట్ల కింద తలంబ్రాలు తీసినప్పుడు నేర్చిన బుద్ధే. పన్నెండింటి నుంచి నాలుగున్నర దాకా పది నిమిషాలకొకటి, మొత్తం 28 ఫ్రేములు. ఒంటిగంట దాటాక మంచు దిగింది. లెన్స్ మీద చెమ్మ పట్టి రెండు ఫ్రేములు మసకేశాయి. కుర్రాడు తన తువ్వాలు చుట్టి, "అన్నా, మీరు నిజంగా రంగొస్తుందనే వచ్చారా?" అన్నాడు.

రెండింటప్పుడు టార్చి వేసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. పొలానికి నీళ్ళు పెట్టుకోవడానికి లేచాడట.

"ఏం బాబూ, ఏం తీస్తన్నారు?"

"ఉత్తరం వైపు ఆకాశం ఎర్రబడుతుందేమోనని."

కాసేపు అటు చూశాడు. "ఎరుపు తూర్పున గదయ్యా వచ్చేది" అని వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకి ఈశాన్యంలో సప్తర్షులు సగం పైకి వచ్చారు. అరుంధతి ఇంకా నేల అంచు దాటి కనపడలేదు. సామాను సర్దుకున్నాం.

ఇంటికొచ్చి ఫైళ్ళు తెరిస్తే, కింద తిరువూరు, ఖమ్మం వైపు ఊళ్ళ దీపాల నారింజ వెలుగు, పైన చుక్కలు. మరేం లేదు. బావగారి లెక్క అక్షరాలా నిజం. ఇంకాస్త పైన ఆకాశంలో బాగా లాగి చూస్తే ఏదో పల్చటి ఛాయ ఉంది. అది ఏ రాత్రయినా ఉండేదే కావచ్చు. పగలు సూర్యుడు చేసిన పనికి మన నెత్తిన ఉన్న ఆక్సిజన్ కూడా రాత్రంతా అదే 630 నానోమీటర్ల ఎరుపుని కంటికి అందనంత సన్నగా వదులుతూనే ఉంటుంది. దాన్ని రాత్రి దీప్తి అనుకోండి. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనశాలవాళ్ళు ఇలాంటి వెలుగుల్ని ప్రత్యేకమైన కెమెరాలతో గమనిస్తుంటారు. తుఫాను లేని రోజు కూడా మన మీద ఆ ఎరుపు ఉందన్నది నాకు అరోరా కన్నా పెద్ద వింతగా అనిపిస్తుంది. కానీ మామూలు పెళ్ళిళ్ళ కెమెరాతో, పక్కన ఊరి దీపాలుండగా, ఇదే అది అని వేలు పెట్టి చూపించలేను.

అప్పటిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి.

పొద్దున తొమ్మిదికి చూస్తే హాన్లేలో మళ్ళీ పడింది. మేనల్లుడు మళ్ళీ పంపాడు, ఈసారి ఇంకా ఎర్రగా. నిద్ర లేదు, కుళ్ళుగా ఉంది. సాఫ్ట్‌వేర్లో నారింజ రంగు స్లైడర్‌ని ఎరుపు వైపుకి లాగాను. కింద ఒక గ్రేడియెంట్ వేసి మసక తీసేది పెంచాను, నీడల్లో కాస్త మెజెంటా కలిపాను. ఐదు నిమిషాలు. తిరువూరు వీధిదీపాల వెలుగు ఎర్రటి తెరగా లేచి నిలబడింది. నాకు ఈ పని చెయ్యి తిరిగిన పని కదా, ఎక్కడా అతుకు తెలియలేదు. "మాకూ వచ్చిందిరా" అని వాడికొక్కడికే పంపి నిద్రపోయాను. వేళాకోళమని వాడికి తెలుస్తుందనుకున్నాను.

సాయంత్రం లేచేసరికి అది ఫ్యామిలీ గ్రూపులో ఉంది, గుంటూరు బ్రాడీపేటలో అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉంది, ఏదో యూట్యూబ్ చానల్ నుంచి ఒకతను, సార్ మీ పేరుతో వేసుకోవచ్చా అని ఫోన్. "విజయవాడలో అద్భుతం" అని ఎవరో శీర్షిక కూడా పెట్టేశారు. అమ్మవారి నవరాత్రుల్లో ఆకాశం ఎర్రబడిందంటే ఇక చెప్పేదేముంది. వేసుకోవద్దని చానల్ అతనికి చెప్పాను. గ్రూపుల్లో జరిగింది జరిగినట్టు రాశాను. నన్ను తిడతారనుకుంటే ఎవరూ తిట్టలేదు. "పోనీలే తమ్ముడూ, బాగుంది కదా" అంది అక్క. "గుంటూరోళ్ళం, ఎరుపు మాకు కొత్తా?" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో నవ్వారు. మా వీధిలో ఇంకో స్టూడియో నడిపే స్నేహితుడైతే క్లాసే పీకాడు. "రోజూ పెళ్ళికూతుళ్ళ రంగు రెండు మెట్లు పెంచేవాడివి, ఒకరోజు ఆకాశం రంగు పెంచితే ప్రాయశ్చిత్తం ఏంట్రా? ఎవడికి నష్టం?"

నాకు అదే రోజు రాత్రి తెలిసింది ఎవరికి నష్టమో. బావగారు ఫోన్ చేశారు. గొంతులో కోపం ఉంది. నా ఎర్ర ఫొటో మధ్యాహ్నం ఒంటిగంటకి చూసి, నేను ఒప్పుకున్న సంగతి రాత్రి ఎనిమిదికి గానీ చదవలేదట. మధ్యలో ఆ ఏడు గంటలూ కూర్చుని లెక్క మళ్ళీ వేశారు. 400 తప్పేమో, ఎరుపు ఇంకా పైకి లేచిందేమో, వాతావరణంలో కాంతి వంగడం లెక్కలోకి తీసుకోలేదేమో అని కాగితాలు నింపారు. "నేను తప్పుచేశాననుకున్నాను కదయ్యా" అన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, సరైన లెక్క వేసి కూడా, నా స్లైడర్ దెబ్బకి తన మీద తను అనుమానపడ్డారు.

అప్పటి నుంచి నా స్నేహితుడితో వాదన నడుస్తూనే ఉంది. వాడు తెలివిగానే మాట్లాడతాడు. పెళ్ళికూతురి ఫొటో, ఆకాశం ఫొటో రెండూ ఫొటోలే కదా అంటాడు. కావు. పెళ్ళికూతురి రంగు నేను పెంచితే మోసపోయేవాళ్ళు లేరు. ఆ అమ్మాయి ఇంట్లోనే ఉంది, అసలు మొహం అందరికీ తెలుసు. ఆల్బమ్ అంటే ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పుకున్న ముచ్చట. (రంగు పెంచమని అడగడమే ఒక జబ్బు అనేది వేరే సంగతి. దాని మీద విడిగా రాస్తాను, నా వ్యాపారం దెబ్బతిన్నా సరే.) అక్టోబరు 10 రాత్రి మైలవరం ఆకాశానికి అసలు కాపీ ఎక్కడా లేదు. సరిచూసుకోవడానికి వెళ్ళి తలుపు తట్టే ఇల్లు లేదు. ఆ రాత్రికి సాక్షి నా ఫైలొక్కటే. ఒక్కడే సాక్షి ఉన్న చోట ఆ సాక్షి ముచ్చట కోసం మాట మార్చకూడదు.

వాడి రెండో వాదన ఇంకొంచెం గట్టిది. "అలాగైతే నీ మేనల్లుడి ఫోను కూడా మార్చినట్టే కదా. వాడి కంటికి కనపడని ఎరుపుని అది చూపించింది. నువ్వు స్లైడర్‌తో చేసింది అది లోపలే చేసింది." ఫోను నైట్ మోడ్‌లో చాలా ఫ్రేములు కలిపి, వణుకు సర్ది, రంగు తేల్చి ఇస్తుందన్నది నిజమే. కానీ అక్కడ తేల్చడానికి ఎరుపు ఉంది. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందంటే, దారిలో రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున ఒక ఆక్సిజన్ పరమాణువు దగ్గరికి తీసుకెళ్ళి చూపించగలం. నా ఎరుపుని వెనక్కి నడిపిస్తూ పోతే తిరువూరు సెంటర్లో ఎల్ఈడీ స్తంభం వస్తుంది. పెంచడం వేరు, పుట్టించడం వేరు. దూరపు దక్షిణాన ఈ రెంటి మధ్య గీత చాలా సన్నం, ఎందుకంటే అక్కడ వచ్చే నిజమైన కాంతీ సన్నమే. అందుకే అక్కడ తీసేవాడు మిగతావాళ్ళకన్నా ఎక్కువ శుభ్రంగా ఉండాలి. ఏ ఊరి పక్కన, గంటా నిమిషం ఎంత, లెన్స్ ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఎన్ని సెకన్లు, ఆ తర్వాత ఏం మార్చావు, ఇవి రాయని ఎర్ర ఫొటోని నేనిప్పుడు నమ్మను. అవి రాసిన నల్ల ఫొటోని నమ్ముతాను.

నల్ల ఫొటో ఎందుకు అని అడుగుతారు. పట్టు శాలువా మీద మచ్చ చూపించినట్టు పనిగట్టుకుని ఏమీ లేదని చూపించడం దేనికి? దీనికి జవాబు బొంబాయిలో ఉంది. 1859 సెప్టెంబరు ఒకటిన ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యుడి మచ్చల మీద తెల్లటి మెరుపు చూశాడు. 18 గంటలు తిరక్కుండా భూమిని తుఫాను తాకింది. క్యూబా లాంటి చోట్ల కూడా ఆకాశం ఎర్రబడింది. ఆ తుఫాను ఎంత పెద్దదో ఇవాళ లెక్కగట్టేవాళ్ళు ముందుగా తిరగేసే కాగితాల్లో బొంబాయి కొలాబా వేధశాలవి ఉన్నాయి. అక్కడ భూమి అయస్కాంత బలాన్ని చూపే సూది దాదాపు 1600 నానోటెస్లా (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) పడిపోయింది. ఆ అంకెకి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? అంతకు ముందు కొన్నేళ్ళుగా అక్కడి గుమాస్తాలు ఏ విశేషమూ లేని రోజుల్లో కూడా గంటగంటకీ సూది ఎక్కడుందో రాసి పెట్టారు. రోజూ ఏమీ లేదని రాసినవాడు ఒకరోజు ఉందని రాస్తేనే నమ్ముతాం. హాన్లే ఎరుపుకీ అదే బలం. ఆ కెమెరాలు ప్రతి రాత్రీ అదే ఆకాశాన్ని తీస్తాయి.

మరో పదమూడేళ్ళకి, 1872 ఫిబ్రవరి 4 రాత్రి, బొంబాయి ఆకాశంలోనే ధ్రువకాంతి కనపడిందని అప్పటి పత్రికలో వచ్చింది. అక్షాంశం 19, అయస్కాంత అక్షాంశం అప్పటి లెక్కన పదో పరకో. ఫొటో లేదు. ధ్రువకాంతికి మొదటి ఫొటో పడింది 1892లో, అదీ నార్వే ఉత్తరాన. బొంబాయికి ఉన్నదల్లా తేదీ, వేళ, చోటు రాసిన నాలుగు మాటలు. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా పరిశోధకులు ఆ నాలుగు మాటల్ని పట్టుకుని, మిగతా దేశాల రికార్డులతో పోల్చుకుని, చర్చిస్తున్నారు. ఆ పేపరువాడు కాస్త మసాలా కలిపి ఉంటే ఇవాళ ఎవరూ వాటి వంక చూసేవాళ్ళు కాదు.

బావగారి లెక్కలో ఒక సందు ఉందని మీరు గమనించే ఉంటారు. ఎరుపు హాన్లే నెత్తి మీదకొస్తే మనకి మూడు వేళ్ళ ఎత్తున కనపడాలి. 1872 లాంటిది మళ్ళీ వస్తే ఆ పని జరగొచ్చు. బొంబాయికి వచ్చినప్పుడు మచిలీపట్నంలోనో గుంటూరులోనో ఎవరైనా ఉత్తరానికి చూశారా? చూసి, దూరంగా ఏదో ఊళ్ళో వాములు తగలబడుతున్నాయనుకుని పడుకున్నారా? అప్పట్లో ఈ ఊళ్ళలో కరెంటు దీపం లేదు, ఆకాశం కాటుకలా ఉండేది. ఈసారి వస్తే ఆ ఎరుపుకి అడ్డంగా మన దీపాల నారింజ ఉంటుంది. రెంటినీ విడదీయాలంటే ఎరుపు లేని రాత్రుల్లో ఆ నారింజ ఎంత ఉందో ముందే తెలిసి ఉండాలి. అందుకని ప్రతి అమావాస్యకీ, మబ్బు లేకపోతే, అదే కట్ట మీదికి వెళ్ళి అదే లెన్స్‌తో, అదే 15 సెకన్లకి ఒక ఫ్రేము తీస్తున్నాను. పెళ్ళి ఉన్న అమావాస్య అంటూ ఉండదు కాబట్టి నాకు కుదురుతుంది. మా ఆవిడ మొదట్లో, "ఏవండీ, అమావాస్య రాత్రి చెరువు గట్టుకా?" అని గోల చేసింది. ఇప్పుడు ఫ్లాస్కులో కాఫీ పోసిస్తుంది. రెండు మూడు ఫ్రేములు పక్కపక్కన పెట్టి చూస్తే, అరోరా సంగతి దేవుడెరుగు, కింద నారింజ పైకి పాకుతోందని మాత్రం తెలుస్తోంది.

ఈ మధ్య ఆ అక్టోబరు ఫ్రేముల్లో ఒకటి, 2 గంటల 20 నిమిషాలది, 12 బై 18 ప్రింటు వేయించి స్టూడియోలో పెట్టాలనుకున్నాను. ఏ స్లైడరూ ముట్టుకోని ఫైలు. కింద చిన్న అక్షరాల్లో వేళ, చోటు, దిక్కు, ఎక్స్‌పోజర్. కలర్ ల్యాబ్‌కి పంపేటప్పుడు ఆర్డరులో "కరెక్షన్ వద్దు" అని రాశాను. ప్రింటు వచ్చింది. విప్పితే చెరువు కట్ట పట్టపగల్లా ఉంది, నారింజ మొత్తం తీసేసి ఆకాశానికి మంచి నీలం పట్టించారు. ఫోన్ చేస్తే ఆపరేటర్ కుర్రాడు, "సార్, ఫైలు బాగా డార్క్‌గా, ఎల్లోగా ఉంది, మీరు నిద్రలో పంపారేమోనని నేనే సెట్ చేశాను, ఎక్స్‌ట్రా ఏం వేయలేదు సార్" అన్నాడు. వాణ్ణి ఏమనను? నా దగ్గర పనిచేసి వెళ్ళినవాడే. మళ్ళీ పంపాను, ఈసారి "కరెక్షన్ వద్దు" అని మూడుసార్లు రాసి.